మంచు దారిన పాట

చలికాలం అనగానే కవులందరికీ ఒకటే గుర్తొస్తుంది కాబోలు, ముసలితనం. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఇంగ్లీషు పద్యాల క్లాసులో ఎక్కడ మంచు కురిసినా సరే, పుస్తకం అంచున 'చావుకి సంకేతం' అని పెన్సిలుతో రాసేసుకునేవాళ్ళం. లెక్చరరుగారు నోరు విప్పక ముందే రాసేసేవాళ్ళం. పరీక్షల్లో మార్కులూ పడేవి. పోనీ మన కావ్యాలు చూద్దామా అంటే, అక్కడ హేమంతమూ శిశిరమూ ఉన్నాయి గానీ, అవి ప్రియుడు పక్కనున్న వాళ్ళకి దుప్పటి, లేనివాళ్ళకి దుఃఖం. అంతకు మించి చలికి మనవాళ్ళు పెద్దపీట వెయ్యలేదు. వెయ్యవలసిన అవసరమూ లేదనుకోండి. సంక్రాంతి వెళ్ళగానే స్వెట్టర్లు మడిచి కలరా ఉండలేసి బీరువాలో పెట్టేసే జాతి మనది.

మరి ఏడాదిలో ఆరేడు నెలలు నేల కనిపించని చోట పుట్టినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళూ ఆరేడు నెలలపాటు చావు గురించే రాసుకుంటూ కూర్చుంటారా?

ఈ అనుమానం నాకు మా చెల్లెలి పుణ్యమా అని వచ్చింది. దాని కాపురం స్టాక్‌హోంలో. డిసెంబరు నెలలో ఫోను చేసినప్పుడల్లా "అక్కా, ఇక్కడ మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టుకోవాలే, మనసంతా ఎలాగో ఉంటోంది" అని గొణుగుతుంది. క్రిందటిసారి వచ్చినప్పుడు మాత్రం పచ్చళ్ళ సీసాలు తీసుకెళ్ళే పెట్టెలో నాకోసం ఒక పుస్తకం పెట్టి తెచ్చింది. "మా ఊరికి ఇంకా ఎంతో ఉత్తరాన ఉండేవాళ్ళ కవిత్వంట. చదివి నాకు చెప్పు, నాకంత ఓపిక లేదు" అంది. అలా మొదలైంది. ఆ తరవాత ఒకదాని వెంట ఒకటి, ఇంగ్లీషులో దొరికినంత మేరకు, సామీ కవిత్వం చదువుతూ వచ్చాను.

సామీలంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండు దేశాల ఉత్తరపు కొసల్లోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ ఉండే ఆదివాసీ జనం. 80 వేల నుంచి లక్ష మంది దాకా ఉంటారని అంచనా. రెయిన్‌డీరు మందలతో తిరిగేవాళ్ళని మనం బొమ్మల్లో చూస్తాం గానీ, ఇవాళ ఆ వృత్తిలో ఉన్నది పదింట ఒక వంతే. తక్కినవాళ్ళు మనలాగే టీచర్లు, నర్సులు, గుమాస్తాలు. వాళ్ళని పూర్వం బయటివాళ్ళు 'లాప్' అనేవారు. ఆ పేరు వాళ్ళకి గిట్టదు. మనమూ అనకూడదు.

నార్వేలోని కౌటొకైనో వంటి ఊళ్ళలో నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా సూర్యుడు అసలు పైకే రాడు. ఆ కాలాన్ని 'స్కాబ్మా' అంటారు. అయితే చీకటంటే మనం కరెంటు పోయినప్పుడు చూసే చీకటి కాదట. మధ్యాహ్నం వేళ ఆకాశం అంచున కొద్దిగా తెల్లవారబోతున్నట్టు ఉండి, మంచంతా నీలిమందు వేసి ఉతికిన బట్టలా కనిపించి, మళ్ళీ ముసురుకుంటుందిట. పున్నమి రోజుల్లో చంద్రుడు అస్తమించకుండా ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. రోజుల తరబడి అస్తమించని చంద్రుణ్ణి మన విరహిణులు చూసి ఉంటే ఎన్ని తిట్లు తిట్టేవారో!

సామీ పాటని 'జోయిక్' అంటారు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మనం ఒకరి 'గురించి' పాట పాడతాం. వాళ్ళు మనిషి గురించి జోయిక్ పాడరు, ఆ మనిషినే జోయిక్ చేస్తారు. వాళ్ళ వ్యాకరణమే అలా ఉంది. తోడేలుని, కొండని, తప్పిపోయిన రెయిన్‌డీరుని, చచ్చిపోయిన తమ్ముణ్ణి కూడా అలాగే. పాడుతున్నంతసేపూ ఆ తమ్ముడు అక్కడ ఉన్నట్టే లెక్క. ఇది తెలిసిన తరవాత, క్రైస్తవ ప్రచారకులు జోయిక్‌ని పాపమని ఎందుకంత గట్టిగా తిట్టారో కాస్త అర్థమైంది. అంత బలమున్న పాటని ఎవరు మాత్రం ఊరుకోనిస్తారు?

ఈ పాటల్లో మొట్టమొదట అచ్చయినవి రెండు. వాటి కథ నవల రాయదగ్గది.

ఉప్సాలా విశ్వవిద్యాలయంలో యోహన్నెస్ షెఫెరుస్ అని ఒక ప్రొఫెసరుండేవాడు. ఆ రోజుల్లో యూరప్ అంతా ఒక పుకారు తిరుగుతోంది. స్వీడన్ సైన్యం యుద్ధాలు గెలుస్తున్నది సామీ మంత్రగాళ్ళ సాయంతోనట! ఇది ప్రభువులకి అవమానం కదా. అందుకని సామీల గురించి నిజానిజాలు రాయమని ఆయనకి పురమాయించారు. ఆయన లాటిన్‌లో 'లాప్పోనియా' అనే పుస్తకం రాసి 1673లో అచ్చువేయించాడు. అదే ఊళ్ళో చదువుకుంటున్న ఒలావుస్ సిర్మా అనే సామీ కుర్రాడు ఆయనకి రెండు ప్రేమపాటలు చెప్పి రాయించాడు. ఒకటి వేసవి పాట, ఒకటి చలికాలపు పాట.

ఆ చలికాలపు పాట కోసం నేను ఎంతో ఆశగా వెతికాను. మంచు వర్ణన ఎంత బాగుంటుందో అని. తీరా చూస్తే అందులో మంచుకి వర్ణనే లేదు! ఒకడు తన రెయిన్‌డీరుని ముద్దుపేరు పెట్టి పిలుస్తూ, దారి చాలా ఉంది, తొందరగా నడవమని బతిమాలుతున్నాడు. ఎదురుగా విశాలమైన చిత్తడి నేలలు. అవతల ఎక్కడో అతని పిల్ల. అంతే. చలి కొరికిందనీ లేదు, ఒంటరితనమనీ లేదు. ఉన్నదల్లా తొందర.

నాకు ఒకటి రెండు రోజులు పట్టింది దీని కిటుకు తెలియడానికి. ఆ దేశంలో వేసవిలో దారులుండవు. ఎటు చూసినా సరస్సులు, బురద నేలలు, ఒళ్ళంతా కప్పేసే దోమలు. చలికాలం వస్తే ఆ నీళ్ళన్నీ గడ్డకట్టి రాజమార్గాలవుతాయి. స్లెడ్జికి రెయిన్‌డీరుని కట్టి ఎటు కావాలంటే అటు పోవచ్చు. చలికాలమంటే వాళ్ళకి ఇంట్లో ముడుచుకు పడుకునే కాలం కాదు, బయల్దేరే కాలం. చుట్టాలని చూసే కాలం, సంతకి వెళ్ళే కాలం, పెళ్ళిచూపుల కాలం. మన బి.ఏ. క్లాసులో ఆ పాట పెట్టి ఉంటే పక్కన 'చావుకి సంకేతం' అని రాసి నిక్షేపంగా మార్కులు కొట్టేసేవాళ్ళం!

ఆ రెండు పాటలూ తరవాత దేశదేశాలు తిరిగాయి. 1712లో లండన్ 'స్పెక్టేటర్' పత్రికలో ఆంగ్ల వేషంలో వచ్చాయి. జర్మనీలో హెర్డర్ తన జానపద గేయాల సంపుటిలో చేర్చుకున్నాడు. వేసవి పాటలోని ఒక మాట అమెరికా చేరి, లాంగ్‌ఫెలో 1855లో రాసిన పద్యానికి పల్లవి అయి కూర్చుంది. ఎక్కడికి వెళితే అక్కడి బట్టలు కట్టారు వాటికి. స్పెక్టేటర్‌లో అయితే పౌడరు రాసిన విగ్గు కూడా పెట్టారేమో అనిపిస్తుంది, అంత నాజూకు! పాట ఇన్ని ఊళ్ళు తిరుగుతుండగా, అది పుట్టిన భాష ఏమైందో తెలుసా? సిర్మా మాట్లాడింది కెమీ సామీ అనే భాష. 19వ శతాబ్దంలో అది మాట్లాడేవాళ్ళు లేకుండా పోయింది. ఆ భాషలో మిగిలిన కొద్దిపాటి రాతల్లో ఈ ప్రేమపాటలు ముఖ్యమైనవి. శాసనాలు, శిస్తు లెక్కలు పోయి ప్రేమపాటలు మిగలడం ఒకందుకు బాగానే ఉంది గానీ, తలుచుకుంటే గొంతుకి ఏదో అడ్డం పడుతుంది.

అన్నట్టు, ఆ పిల్ల సంగతి. అవతల ఎదురు చూస్తున్న పిల్ల ఆ చలిలో ఏం పాడుకుందో ప్రొఫెసరుగారు అడిగిన జాడ లేదు. ఆ మాట ఇక్కడ పెట్టి ముందుకి వెళ్తాను.

మంచుకి వాళ్ళకి వందల కొద్దీ మాటలున్నాయని మీరు ఎక్కడో చదివే ఉంటారు. అది కోతలని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇంగెర్ మారీ గౌప్ ఏయిరా అనే సామీ పరిశోధకురాలు 2012లో తన సిద్ధాంత గ్రంథంలో మంచుకి, గడ్డకట్టిన నీటికి సంబంధించిన మాటలు మూడు వందలకు పైగా వివరించింది. కానీ లెక్క కాదు ముఖ్యం. అవి అందమైన పర్యాయపదాలు కావు. పనిముట్లు. కొత్తగా పడ్డ పొడి మంచు 'వహ్త్సా'. అడుగున పంచదార పలుకుల్లా ఉండే మంచు 'సెయఙాష్'. దాన్ని రెయిన్‌డీరు కాలితో సులువుగా తవ్వుకుని కిందనున్న లైకెన్ తింటుంది. మనుషులు కరిగించుకుంటే నీళ్ళూ బాగా వస్తాయి. వసంతం ముందు రాత్రిపూట బిగుసుకుని మనిషి బరువు ఆపగలిగే పైపొర 'త్సువొంగు'. ఎవరి అడుగూ పడని మంచు 'ఒప్పస్'. నేలని గాజుపలకలా మూసేసే గడ్డ 'చువొహ్కి'.

అరిసెల పాకం పట్టిన చేతులకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. బెల్లం అదే, నీళ్ళూ అవే. కానీ ఏ మాట అన్నామో దాన్ని బట్టి తరవాత చెయ్యవలసిన పని మారిపోతుంది. ఉండపాకం రావలసిన చోట తీగపాకంతో సరిపెడితే అరిసె నూనెలో విచ్చిపోయి పండగంతా నవ్వులపాలు. సామీ కవి ఒక మంచు పేరు చెప్పాడంటే, చదివే సామీకి వెంటనే తెలుస్తుంది: ఇవాళ మంద తింటుందా లేదా, స్కీ జారుతుందా కూరుకుపోతుందా అని. ఒక్క మాటలో భయమో, ధైర్యమో వచ్చేస్తుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నీ 'స్నో' అయిపోతాయి. మన పాకాలన్నిటినీ 'సిరప్' అన్నట్టు.

చువొహ్కి సంగతి కొంచెం చెప్పాలి. ఈ మధ్య ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా ప్రపంచం కన్నా చురుగ్గా వేడెక్కుతోంది కదా. నడి చలికాలంలో వాన పడుతోంది. వాన పడి, మళ్ళీ చలి బిగిస్తే నేల మీద మంచుగడ్డ పరుచుకుపోతుంది. రెయిన్‌డీరు ఆ గడ్డని తవ్వలేదు, కింద మేత ఉన్న వాసన కూడా దానికి తగలదు. కాపరులు డబ్బుపెట్టి దాణా కొని మోసుకెళ్ళి పెడుతున్నారు. ఒకప్పుడు ఎప్పుడో ఒకసారి వాడే మాట ఇప్పుడు తరచు వాడవలసి వస్తోంది. పాత పాటల్లోని మంచుపేర్లలో కొన్ని, ఆ మంచే పడకపోతే, పిల్లలకి బొమ్మ గీసి చెప్పవలసిందే. మా ఇంట్లో రోలు, పొత్రం సంగతి అలాగే అయింది, నవ్వుకుంటాం. ఇది నవ్వుకునే సంగతి కాదు.

మాటలు పోవడానికి ఇంకో దారి కూడా ఉంది, బడి. నార్వేలో 1898లో వచ్చిన ఉత్తర్వులు బళ్ళో సామీ భాషని ఇంచుమించు వాకిట్లోనే నిలబెట్టేశాయి. చిన్నపిల్లల్ని ఇళ్ళకి దూరంగా హాస్టళ్ళలో పెట్టి చదివించారు. తరాల తరబడి సాగింది అది. ఆ నేపథ్యం తెలిస్తే పావులుస్ ఉత్సి అనే స్వీడన్ సామీ కవి (1918–1975) 1974లో తన పుస్తకానికి పెట్టిన పేరు ఎంత చురుకైందో తెలుస్తుంది. 'గియెలా గియెలా' అన్నాడు. ఉత్తర సామీలో ఒకే మాటకి 'భాష' అనీ వస్తుంది, 'ఉచ్చు' అనీ వస్తుంది. భాషని ఉచ్చువేసి పట్టుకో అన్నమాట. మంచులో ఉచ్చు పన్ని పిట్టల్ని పట్టే ఇంట్లో పుట్టినవాడికే తోచే శ్లేష. మన అవధానులు విని ఉంటే తలలూపేవారు. మంచు మీద స్కీ వదిలిన గీత ఈయన కవిత్వంలో ఒక ముఖ్యమైన బొమ్మ. జలవిద్యుత్తు ఆనకట్టల కింద తనవాళ్ళ నేలలు మునిగిపోవడం చూసినవాడు. కాబట్టి చెరిగిపోయే గీత ఆయనకి అలంకారం కాదు.

అందరిలోకీ పేరు పొందినవాడు నిల్స్-అస్లాక్ వల్కెయపా. 1943లో పుట్టాడు, 2001లో పోయాడు. కవి, గాయకుడు, చిత్రకారుడు. 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో చలికాలపు ఒలింపిక్స్ ప్రారంభం రోజున జోయిక్ పాడింది ఈయనే. ఒకప్పుడు పాపమన్న పాట! 1988లో వచ్చిన ఆయన పుస్తకం 'బెయివి ఆహ్‌చాజన్', అంటే 'నాన్నా సూర్యుడా' అని చెప్పుకోవచ్చు. దానికి 1991లో నార్డిక్ కౌన్సిల్ సాహిత్య బహుమతి వచ్చింది. సామీ మూలంలో కవితల మధ్య పాత ఫొటోలు నిండా ఉంటాయిట. పూర్వం పెద్దమనుషులు వచ్చి సామీలని నిలబెట్టి తీసుకెళ్ళిన ఫొటోలవి. ఆయన ప్రపంచంలోని పాత భోషాణాలన్నీ వెతికి వాటిని తిరిగి తెచ్చి తన పుస్తకంలో పెట్టుకున్నాడు. అనువాదాల్లో మాత్రం ఆ ఫొటోలు వెయ్యనివ్వలేదు. అవి ఇంటివాళ్ళకి మాత్రమే. నాకు మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది గానీ, తరవాత న్యాయమే అనిపించింది. మన ఇంటి ఆల్బం కూడా వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తామా?

అందులో ఒకచోట కవిత అనేది ఆగిపోతుంది. పేజీల నిండా విడివిడిగా మాటలు చెల్లాచెదురుగా పరుచుకుని ఉంటాయి. అన్నీ రెయిన్‌డీర్ల పేర్లు: ఈడు, రంగు, కొమ్ముల తీరు, నడక బట్టి పెట్టిన పేర్లు. మంద కదిలి పోతోంది. తెల్ల కాగితమే మంచు మైదానం. ఇంగ్లీషు పుస్తకంలో కూడా అక్కడ అనువాదం లేదు, సామీ మాటలే ఉంచేశారు. నేనా పేజీలు చదవలేను. అయినా చాలాసేపు చూశాను. మా వారు వెనకనుంచి వచ్చి "ఏమిటి, ప్రెస్సులో అచ్చుకూర్పు చెదిరిపోయిందా?" అన్నారు. "కాదండీ, పశువులు దాటుతున్నాయి, కాస్త ఆగండి" అన్నాను.

ఇక ఇందాక వదిలేసిన పిల్ల దగ్గరికి వస్తాను. ఆమె పాట కోసం మూడు వందల ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. ఇప్పుడు సామీ కవయిత్రులు చాలామందే ఉన్నారు. అందులో నన్ను నిద్రపోనివ్వని పుస్తకం రోజ్-మారీ హూవా రాసింది. స్వీడన్ వైపు సామీ చిత్రకారిణి ఆమె. 1999లో వచ్చింది పుస్తకం. పేరు 'గాల్బ్మా రాద్నా', చలి నేస్తం. క్యాన్సరు చుట్టూ నడిచే కవితలు. ఇంగ్లీషులో నాకు దొరికినవి కొన్నే.

ఇంతసేపూ చలి అంటే సామీలకి దారి, తొందర, పెళ్ళిచూపులు అని నేను చెబుతూ వచ్చానా? హూవా దగ్గరికి వచ్చేసరికి చలి ఒంట్లోకి వచ్చి కూర్చుంది. కానీ మా క్లాసులో రాసుకున్న 'చావుకి సంకేతం' మాత్రం కాదిది. సంకేతానికి నేస్తం అని పేరెవరు పెడతారు? నేస్తం అంటే తెల్లవారి లేచేసరికి పక్కన ఉండేది, వద్దన్నా భోజనానికి కూర్చునేది. అలాంటి పేరు పెట్టడానికి, చలితో కలిసి బతకడం తరతరాలుగా తెలిసినవాళ్ళ పిల్ల అయి ఉండాలి. పేరు చదవగానే నాకు మన ఇళ్ళల్లో మశూచికాన్ని 'అమ్మవారు పోసింది' అనడం గుర్తొచ్చింది. అమ్మవారంటే భయం, భక్తి. నేస్తం అంటే ఆ దూరం కూడా లేదు.

ఆ పుస్తకం సంగతి తెలిసే నాటికి మా పెద్దమ్మకి కీమోథెరపీ జరుగుతోంది. మే నెల. రోహిణి కార్తె ఎండలు. గదిలో ఫ్యాను ఆపించి, కిటికీలు వేయించి, మీద రెండు దుప్పట్లు కప్పుకుని "ఎముకల్లో చలేస్తోందే అమ్మడూ" అనేది. మేమంతా చెమటలు కక్కుకుంటూ చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆవిడ చలి మాకెవరికీ తెలియదు. నేను మంచం పక్కన కూర్చుని, ఎక్కడో ఉత్తరాన ఒకావిడ తన జబ్బుని చలి నేస్తం అని పిలిచిందిట పెద్దమ్మా అని చెప్పాను. చెప్పకూడదేమో అని భయపడుతూనే చెప్పాను. మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు.

పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత "నేస్తమేమిటే, అంత ముద్దెందుకు? చుట్టం అను. పిలవకుండా వచ్చే చుట్టం. మా అత్తగారి వైపు" అంది. పక్కనే ఉన్న నర్సు కూడా నవ్వేసింది.

అప్పటినుంచి ఇంట్లో అదే పేరు. స్కానింగుకి తీసుకెళ్ళిన రోజున, స్ట్రెచరు మీద ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "డాక్టరుగారిని సరిగ్గా కనుక్కోవే. చుట్టం సామాను సర్దుకుంటోందా, లేకపోతే మాఘం దాకా ఉంటుందా? ఉండేట్టయితే నాకా నీలం శాలువా బీరువాలోంచి తీసి ఉంచు" అంది.

శాలువా తీసి ఎండలో వేశాను. కలరా ఉండల వాసన ఇంకా పోలేదు.